మొదటి ఫోటో పళ్లెందే

జులీఖా మాటకు త్లెమ్సెన్ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా చెల్లుబాటు ఉంది. ఆడవాళ్ల పెళ్లి హాల్లో ఆమె తీసిన ఫోటో ఆ పెళ్లింటికి తప్ప ఆమె మేడగది దాటి బయటికి పోదు. బయట అచ్చు వేయించే పని కూడా పెట్టుకోదు, తన ప్రింటరు మీద తనే తీసి పెళ్లికూతురి తల్లి చేతిలో పెడుతుంది. తలగుడ్డలు పక్కన పడేసి, జుట్టు విరబోసుకుని, చేతుల్లేని గౌన్లలో ఆడిపాడే ఆడవాళ్లు ఆమె కెమెరాను చూసి మొహం తిప్పుకోరు. ఇంకెవరి చేతిలోనైనా ఫోన్ పైకి లేచిందంటే మాత్రం హాలంతా ఒంటికాలి మీద లేస్తుంది.

అలాంటి పెద్దమనిషి ఆ మంగళవారం పొద్దున కంప్యూటర్ ముందు కూర్చుని, పక్కింటికి వినపడేలా తిడుతోంది. తెర మీద ఒకటే ముక్క: మీ చందా ముగిసింది, కార్డు వివరాలు ఇవ్వండి. ఇక్కడి దీనార్లు సముద్రం అవతల చెల్లవు కాబట్టి ఆ ఫోటోల సాఫ్ట్‌వేర్ చందా లియోన్‌లో ఉన్న బాబాయి కొడుకు నస్రెద్దీన్ కార్డు మీద తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. ఆ మహానుభావుడు బ్యాంకు మార్చాడు, చెప్పడం మరిచాడు, కొత్త కార్డు చేతికి రావడానికి ఇంకా రెండు వారాలు పడుతుందట. ఫోటోలన్నీ జులీఖా డిస్కుల్లో భద్రంగానే ఉన్నాయి. కానీ ఏ ఫోటోలో ఎవరున్నారు, ఎవరింటి నగ ఉంది, ఎవరికి చూపించొచ్చు, ఎవరికి కూడదు అని తొమ్మిదేళ్లు కూర్చుని ఆమె రాసుకున్న గుర్తులన్నీ ఆ సాఫ్ట్‌వేర్ కడుపులో ఉండిపోయాయి. అద్దె కట్టనివాడిని ఇంట్లోంచి గెంటితే సామానైనా వీధిలో పడేస్తారు. వీడు సామాను లోపలే ఉంచుకుని తాళం వేశాడు.

"నా రాతలు నేను చదువుకోడానికి నీకు నెలనెలా కప్పం కట్టాలట్రా!" అని తెరనే నిలదీసింది.

"ఎవర్నే ఆ తిట్లు? కాస్త నాక్కూడా మిగల్చు, నాకూ పనుంది వాటితో."

గుమ్మంలో రహ్మూనా నిలబడి ఉంది. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడంలో ఆ ఊళ్లో ఆమెకు సాటి లేరు. జులీఖా కెమెరా పట్టిన ఏటి నుంచీ ఇద్దరూ ఒకే హాళ్లలో తిరుగుతున్నారు. మామూలుగా అయితే రహ్మూనా నోరు వీధి మలుపులోనే వినపడుతుంది. ఆవేళ చప్పుడు లేకుండా మెట్లెక్కింది. జులీఖా తిట్లు ఆపి కుర్చీ ఇటు తిప్పింది.

"నా పని అయిపోయిందే," అంటూ దివాను మీద కూలబడింది రహ్మూనా. "హజ్జా యమీనా నన్ను దొంగంది."

జరిగింది ఇదీ. పెళ్లికూతురి మెడ నుంచి నడుము దాకా వేలాడే ముత్యాల సరాలన్నీ ఒకే ఇంట్లో ఉండటం ఆ ఊళ్లో ఎవరికీ సాధ్యం కాదు. అత్తలు, పిన్నులు, ఇరుగుపొరుగు తలా ఒక సరం ఇస్తారు. మర్నాడు రహ్మూనా ఎవరివి వాళ్లకు తిరిగిచ్చి వస్తుంది. రెండు వారాల కింద ముస్తాబు చేసిన పెళ్లికూతురికి యమీనా ఇంటితో కలిపి అయిదిళ్ల నుంచి వచ్చాయి, అయిదిళ్లకూ వెళ్లిపోయాయి. హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ యమీనా ఇంట్లో ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఏళ్ల తరబడి కోడలే చూసుకుంటోంది. మనవరాలి పెళ్లి దగ్గర పడుతోందని నిన్న ముసలావిడ సరం దాచిన సంచీ మూతి తానే విప్పి చూసింది. సరం తనది కాదంది.

"నడిమధ్యలో పాలపన్నంత పసుపు ముత్యం ఉండాలట. చిన్నప్పుడు వాళ్లమ్మ అది చూపిస్తూ సూప్ తాగించేదట. అది లేదు. శుక్రవారం మధ్యాహ్నం కుస్‌కుస్ భోజనం చేసి లేచేలోగా నా పన్ను నా ముందుండాలి, లేదా ఆడవాళ్లంతా స్నానాలకొచ్చే హమ్మామ్‌కెళ్లి నలుగురిలో చెప్తా అంది." రహ్మూనా ముక్కు చీదింది. "ఇప్పటికే ఇద్దరి చెవిన వేసింది కూడా. దొంగ చేతికి పిల్ల మెడ ఎవరప్పగిస్తారే? ఇరవై రెండేళ్లుగా నేను తెచ్చుకున్న పేరు ఒక్క స్నానంలో కొట్టుకుపోతుంది."

"నోర్మూసుకుని కాఫీ తాగు. నువ్వు దొంగవైతే నేను దొంగల రాణిని. పళ్లెం ఫోటో ఉంది కదా?"

ఆ పళ్లెం రివాజు జులీఖా పెట్టిందే. ముస్తాబు మొదలు కాకముందు వచ్చిన నగలన్నీ తెల్లగుడ్డ పరిచిన పళ్లెంలో పేర్చాలి. ఒక్కో సరం కింద ఏ ఇంటిదో రహ్మూనా చీటీ రాసి పెడుతుంది. ఏ పెళ్లిలోనైనా జులీఖా మొదట తీసే ఫోటో పళ్లెందే. ఆ తర్వాతే పెళ్లికూతురు.

"మొన్నటిది ప్రింటు తీసిచ్చావుగా, చూపించాను. అందులో ఆ పసుపు ముత్యం లేదు. చూసి ఏమందో తెలుసా? పళ్లెంలోకి రాకముందే మార్చేశావంది."

"అయితే పాత పళ్లేలు తవ్వాలి. ఆవిడ సరం ఎప్పుడెప్పుడు ఎలా ఉందో వాటికి తెలుసు."

అనేసి తెర వైపు చూసి నాలిక కరుచుకుంది. కెమెరా నుంచి వచ్చిన పచ్చి ఫోటోలు మామూలు కంప్యూటర్‌కు అర్థం కావు. వాటిని తెరిచి, రంగు సరిచేసి, వరసలో పెట్టే సాఫ్ట్‌వేరే ఇప్పుడు తాళం వేసుకు కూర్చుంది.

జులీఖా తమ్ముడు గౌతీకి కైసారియా బజారులో ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. కబురు పెడితే పావుగంటలో వచ్చాడు. సంగతి విని పకపకా నవ్వాడు.

"ఇంతేనా అక్కా! ఒరాన్‌లో నా స్నేహితుడి దగ్గర విదేశీ కార్డుంది. చందా వాడు కట్టేస్తాడు. నీ ఫోటోలన్నీ ఆ కంపెనీ వాళ్ల దగ్గరికి పైకెక్కించేద్దాం. ముత్యం అని వెతికితే రెండు నిమిషాల్లో నీ ముందు పోస్తుంది. ఆ డిస్కులు మూటగట్టి దాచుకోవడాలేంటి, పాతకాలం మనిషిలా!"

రహ్మూనా ఆశగా తలెత్తింది. జులీఖాకు కూడా ఒక్క క్షణం మనసు లాగింది, అబద్ధమెందుకు. శుక్రవారానికి మూడు రోజులే ఉన్నాయి, ఎదురుగా ఏడుస్తున్నది ప్రాణస్నేహితురాలు.

"పైకెక్కించడమంటే ఎవడింటికిరా?"

"ఎవడిల్లూ కాదు, ఎక్కడో ఉంటాయి, భద్రంగా..."

"ఎక్కడో అంటే నాకు తెలియని చోట. వాటిల్లో ఊళ్లో సగం మంది ఆడవాళ్ల జుట్టుంది. నీ పెళ్లాం జుట్టు కూడా ఉంది. సరేనా, ఎక్కించమంటావా?"

గౌతీ నవ్వు ఆగిపోయింది. గడ్డం గోక్కున్నాడు. "వద్దులే," అన్నాడు.

"అదీ. ఆ కప్పం కూడా ఇంక కట్టను. ఇంకోటి చెప్పు."

ఆ విధంగా ఆ మధ్యాహ్నం మేడగదిలో కొత్త సాఫ్ట్‌వేర్‌కు పెళ్లిచూపులు మొదలయ్యాయి. అల్లుణ్ణి ఎంచుకునే అత్తగారి ధీమాతో జులీఖా మూడు షరతులు పెట్టింది. నెలనెలా అడుక్కోకూడదు. ఇంటర్నెట్ తీగ పీకేసినా కిక్కురుమనకుండా పని చేయాలి. ఫోటోలు డిస్కులో ఫోల్డర్లనే తన సంచుల్లో తను పెట్టినట్టే ఉండాలి, వాడు మింగి తన కడుపులో దాచుకోకూడదు. ఇంటర్నెట్ నుంచి దించుకునేంత సేపే తీగ ఉంటుంది, తర్వాత పీకేస్తానని కూడా చెప్పింది.

మొదటివాణ్ణి గౌతీయే జేబులోంచి తీశాడు. పాత చందా సాఫ్ట్‌వేర్‌కే ఎవరో తాళం పగలగొట్టి బజారులో అమ్ముతున్న నకలు. పెట్టబోతే, ముందు మీ కంప్యూటర్‌కున్న వైరస్ కాపలా తీసేయండి అంది.

"కాపలా తీసేసి ఇంట్లోకి రానివ్వాలా? ఎవడ్రా వీడు, దొంగాడు కాకపోతే!" అని రహ్మూనాయే తరిమేసింది. ఆ మాట నోట్లోంచి వచ్చాక తన మీద పడ్డ దొంగతనం గుర్తొచ్చి మళ్లీ కళ్లు తుడుచుకుంది.

రెండోవాడు ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే రకం. చూడ్డానికి సొగసుగాడు, నల్లటి మొహం, మెరిసే బొత్తాలు. మొహాలు గుర్తుపట్టి ఎవరి ఫోటోలు వాళ్ల కింద తనే సర్దుతానన్నాడు. నాలుగేళ్ల పెళ్లిళ్లు వాడి ముందు పెట్టారు. కాఫీ రెండో విడత అయ్యేసరికి సర్దేశాడు. పెళ్లికూతురంటే తలమీద మొనదేలిన టోపీ, చెంపల మీద ఎర్రటి వలయాలు, చుట్టూ వెండిచుక్కలు, చెవుల దాకా ముత్యాలు. అరవై మూడు మంది పెళ్లికూతుళ్లూ ఒక్కతే మనిషని తేల్చాడు వాడు. పైగా, ఈమె పేరేమిటని అడిగాడు.

ముందురోజు నుంచీ ఏడుస్తున్న రహ్మూనా మొదటిసారి నవ్వింది. "చూశావా నా పనితనం! తల్లి కూడా గుర్తుపట్టకూడదు, అదీ లెక్క. దిష్టి తగలకూడదనే కదా ఇంత ముస్తాబు చేసేది."

"వీడి కళ్లకు దిష్టి తగిలింది," అంది జులీఖా. తీగ పీకి చూసింది. వాడు రెండు నిమిషాలు గునిసి, లైసెన్సు సరిచూసుకోవాలి, తీగ పెట్టండి అన్నాడు. వాణ్ణీ పంపేసింది.

మూడోవాణ్ణి జులీఖా బుధవారం పొద్దున తానే వెతికి పట్టింది. బూడిదరంగు మొహం, సొగసులేం లేవు. ఒక్కసారి కొంటే సొంతం, ముందు నెలరోజులు ఊరికే వాడి చూసుకోవచ్చు. నెలలోగా లియోన్‌లో నస్రెద్దీన్ ఒకేఒక్కసారి కార్డు గీస్తే చాలు, తప్పు చేసినవాడు ఆ మాత్రం చేస్తాడు. తీగ పీకితే కిమ్మనలేదు. డిస్కు పెడితే ఏదీ మింగలేదు, సర్దలేదు, సలహా ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ల సంచులు, ఏడాది, నెల, ఇంటిపేరు, ఆమె పెట్టిన వరసలోనే చూపించాడు. ఆమె రాసే కొత్త గుర్తులు ఫోటో పక్కనే చిన్న చీటీగా డిస్కులోనే పెట్టాడు. రేపు వీడు పోయినా చీటీలు పోవు.

"వీడికి సంసారం చేసే లక్షణం ఉంది," అంది జులీఖా. "మాట్లాడడు, పని చేస్తాడు."

"ఇంత చేసి ముత్యాలు వెతకడం రాదుగా వీడికి!" అన్నాడు గౌతీ.

"వాడికెందుకు రావాలి? నాకొచ్చు. ఒక్కో పెళ్లి సంచీలో మొదటి ఫోటో మాత్రమే చూపించమన్నానంటే వచ్చేది పళ్లెమే."

అలాగే అయింది. తెర నిండా పళ్లేలు పరుచుకున్నాయి, మూడు వందల పైచిలుకు. మొహాలు లేవు, జుట్లు లేవు, తెల్లగుడ్డలూ ముత్యాలూ రహ్మూనా గుండ్రటి చేతిరాతా. జులీఖా గర్వంగా కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. ఏ గుర్తులు పోయాయని ఏడ్చిందో వాటి అవసరమే లేకుండా, తన పాత పద్ధతే తనను నిలబెట్టింది.

హజ్జా యమీనా ఇల్లు అన్న చీటీ పద్నాలుగు పళ్లేల్లో దొరికింది. ఇటు నుంచి అటు వెనక్కి నడిచారు. పోయినేడు లేదు పసుపు ముత్యం. అంతకుముందూ లేదు. పదేళ్ల కిందటా లేదు.

"అంటే పదేళ్లుగా లేనేలేదు!" రహ్మూనా లేచి నిలబడింది. "ఇది చాలదూ ఆవిడ నోరు మూయించడానికి?"

"చాలదు. పదేళ్లుగా కాజేస్తున్నావు అంటుంది. ఉన్నప్పుడు ఎప్పుడుందో, ఎక్కడ పోయిందో దొరకాలి."

ఇంకా పాతవాటికి వెళితే చిక్కొచ్చి పడింది. అప్పటి హాళ్లలో బల్బులన్నీ పసుపుపచ్చ వెలుగువి. పళ్లెంలో ముత్యాలన్నీ పసుపే, గుడ్డ కూడా పసుపే. రహ్మూనా నీరుగారిపోయింది. జులీఖా మాత్రం చేతులు రుద్దుకుంది. అసలు సరిదిద్దడమనే పని ఇక్కడే కదా. పచ్చి ఫోటోలో వెలుతురు రంగు ఆరి అంటుకుపోదు, ఎప్పుడైనా కడుక్కోవచ్చు. గుడ్డ మీద ఒకచోట చుక్క పెట్టి, ఇదే తెలుపు, మిగతావి దీన్ని బట్టి చూసుకో అని చెప్పింది. బూడిద మొహంవాడు ఒక్క రెప్పపాటు ఆలోచించి గుడ్డను పాలలా చేశాడు. దాంతో పాటు ముత్యాలన్నీ తెల్లబడ్డాయి. ఒక్కో పళ్లేన్నీ అలాగే కడుగుతూ వెనక్కి వెళ్లింది. పదిహేడేళ్ల కిందటి పళ్లెంలో అన్నీ తెల్లబడ్డాక కూడా ఒక్కటి మాత్రం పసుపుగానే మిగిలింది, అచ్చం చిన్నపిల్ల పాలపన్ను.

దాని కింద చీటీ, హజ్జా యమీనా ఇల్లు.

రహ్మూనా కేక వేసి జులీఖాను కావలించుకుంది. జులీఖా కదల్లేదు. పక్కనున్న సరం కింది చీటీ చదువుతోంది. అదే పొడవు, అదే కుచ్చు, పసుపు ముత్యం లేదంతే. చీటీ మీద, జులీఖా వాళ్లిల్లు.

ఆ పెళ్లి గౌతీది.

ఆరు నెలల తర్వాతి పళ్లేన్ని తెరిచి కడిగింది. యమీనా చీటీ మీద అప్పటికే తెల్ల సరం. ఇంకేమీ వెతకనక్కర్లేదు. జులీఖాకు ఆ రాత్రి కాళ్ల నొప్పులతో సహా గుర్తొచ్చింది. కొడుక్కి జ్వరమని రహ్మూనా మధ్యలోనే వెళ్లిపోయింది. తను పెళ్లికొడుకు అక్కగారు, చేతిలో కెమెరా, ఒంటి మీద కొత్త గౌను. నగలు నేను పంచుతాలే, నాకు తెలియని సరాలా అంది. పళ్లెం ఫోటో చూసుకోను కూడా లేదు.

"నేనే," అంది. "మార్చి ఇచ్చింది నేనే. ఆవిడ పన్ను మా ఇంట్లో ఉంది. అమ్మ పోయాక ఆ సంచీ మరదలు ఫౌజియా బీరువాలోకి పోయింది. అది మనిషికి గుక్కెడు నీళ్లివ్వదు, సరం ఎవరికిస్తుంది? అందుకే మళ్లీ ఏ పళ్లెంలోకీ రాలేదు."

గౌతీ తన పెళ్లాం మీది మాటకు నొచ్చుకోవాలో వద్దో తెలియక కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

రహ్మూనా గొంతు తగ్గించింది. "ఒసేయ్, వినవే. నీ పేరెందుకు ఇందులోకి? సరం తెచ్చి, ఎక్కడో మూలన దొరికిందని ఇచ్చేద్దాం. ఆవిడకు కావాల్సింది పన్నే కదా."

"దొరికిందంటే, దొంగ భయపడి తెచ్చిచ్చింది అంటారు. నీ పేరు సగం కడిగితే మరక అట్లాగే ఉంటుందే."

"మరి నీ పేరు? జులీఖా మాటంటే మాటే అని కదా ఆడవాళ్లందరూ నీ ముందు తలగుడ్డ తీసేది?"

"అందుకే చెప్పాలి," అంది జులీఖా. "గౌతీ, ఇంటికెళ్లి ఆ సంచీ తీసుకురా. ఫౌజియా అరిస్తే, అక్క అరవమందని చెప్పు."

శుక్రవారం ముగ్గురూ వెళ్లలేదు, ఇద్దరే వెళ్లారు. గౌతీ ఫోన్ల కొట్టులో అర్జెంటు పనుందన్నాడు. హజ్జా యమీనా కుస్‌కుస్ పళ్లెం ముందే కూర్చుని ఉంది, చెంచా పక్కన పెట్టి. రహ్మూనాను చూసి మొహం తిప్పుకుంది. జులీఖా సలాం చెప్పి, సంచీ మూతి విప్పి, సరాన్ని ముసలావిడ ఒళ్లో పెట్టింది.

యమీనా వేళ్లు తడుముకుంటూ నడిమధ్యకు పోయి ఆగాయి. ఆ పసుపు ముత్యాన్ని పెదవులకు ఆనించుకుంది.

"ఎక్కడ దాచావే?" అని రహ్మూనా వైపు తిరిగింది చివరికి.

"ఆమె కాదు హజ్జా, నేను." జులీఖా పదిహేడేళ్ల కిందటి పళ్లెం ఫోటో, దాని తర్వాతిది, రెండూ ఆవిడ ముందు పరిచింది. చీటీలు చదివి వినిపించింది. ఆ రాత్రి నగలు పంచింది ఎవరో చెప్పింది. ఏమీ తగ్గించలేదు. "మీ సరం మా ఇంట్లో, మాది మీ ఇంట్లో. రహ్మూనా ఇన్నేళ్లూ మీరిచ్చింది మీకు తెచ్చిచ్చింది. తప్పు నాది, నన్ను తిట్టండి."

యమీనా కళ్లద్దాలు పెట్టుకుని ఫోటోలు దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "ఈ చీటీ రాత నీదేనా?" అని రహ్మూనాను అడిగింది.

"నాదే హజ్జా."

"అక్షరాలు చక్కగా రాస్తావు. దొంగ చెయ్యి కాదు అది. నేను నోరు పారేసుకున్నాను." ముసలావిడ మొహం ముడుచుకుపోయింది. కోపంతో కాదని ఇద్దరికీ తెలిసింది. "ఇద్దరి చెవిన వేశాను. ఆ ఇద్దరూ ఈపాటికి ఇరవై మందికి చెప్పుంటారు. ఇప్పుడు హమ్మామ్‌కెళ్లి నోటితో చెబితే, ముసల్ది జాలిపడి దాస్తోంది అంటారు." ఫోటో మీద వేలు పెట్టింది. "ఇది నాకివ్వు. తీసుకెళ్లి చూపిస్తాను."

జులీఖా తీసిన ఫోటో ఒక్కటీ ఇరవై రెండేళ్లలో అలా నలుగురిలోకి వెళ్లలేదు. అయితే ఇందులో ఆడవాళ్లు లేరు, జుట్టు లేదు. ఉన్నది నగలూ చీటీలూ, ఆ చీటీల్లో తన ఇల్లూ.

"నీ పేరు కనబడుతుంది," అంది యమీనా, ఆవిడకూ అదే తోచినట్టు. "హమ్మామంతా నవ్వుతుంది. పళ్లెం రివాజు పెట్టిన మనిషే పళ్లెం చూసుకోలేదని."

రహ్మూనా జులీఖా చెయ్యి పట్టుకుంది. జులీఖా ఒక్క ఊపిరి తీసుకుంది.

"నవ్వనివ్వండి హజ్జా. నిజమే కదా," అని సంచీలో వెతికి, ఫోటో ఆవిరికి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది.